వెనక బ్రేకు లెక్క మిల్లీమీటర్లలో

వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు అందులో సుమారు 139 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. లీటరు నీళ్లను 33 డిగ్రీలు వేడెక్కించే శక్తి అది. బ్రేకు తొక్కి కారును ఆపితే అదంతా దాదాపు వేడిగా మారి బ్రేకుల్లోకే చేరాలి. ఇందులో వెనక చక్రాల వంతు తక్కువ. బ్రేకు పడగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి మూడింట రెండొంతులో, అంతకన్నా ఎక్కువో ముందు డిస్కులే మోస్తాయి. వ్యాగన్ఆర్, స్విఫ్ట్ లాంటి చిన్న కార్లలో వెనక ఉండేవి డ్రమ్ములు. అవి మెల్లగా అరుగుతాయి, చెడినా తొందరగా బయటపడవు.

చక్రం విప్పకముందే కొంత పసిగట్టవచ్చు. హ్యాండ్ బ్రేకు లాగుతూ టిక్కులు లెక్కపెట్టండి. చాలా చిన్న కార్లలో 4 నుంచి 9 టిక్కుల లోపు పట్టాలి, మీ కారుకు ఎన్నో మాన్యువల్‌లో ఉంటుంది. నిరుడు 5కే పట్టింది ఇప్పుడు 10 దాకా వస్తోందంటే షూలు అరిగి ఉండాలి, అడ్జస్టర్ బిగుసుకుని ఉండాలి, లేదా కేబుల్ సాగి ఉండాలి. చాలామంది కేబుల్ బిగించేసి చేతులు దులుపుకుంటారు. అది తప్పు: ముందు షూలు సరిచేయాలి, కేబుల్ సంగతి తర్వాత.

పెడల్ మొదటిసారి లోతుకు దిగి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగిందా? షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగినట్టు. మెత్తగా స్పాంజిలా ఉంటే పైపుల్లో గాలి చేరినట్టు. తొక్కి పట్టుకున్నకొద్దీ దిగిపోతుంటే లీకు. ఆ కారును ఇక నడపకండి.

విప్పేటప్పుడు చదునైన నేల కావాలి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టి, కారును గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదలండి. స్టెప్నీ మార్చే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద స్టాండు ఉండాల్సిందే. డ్రమ్ము రాకపోతే సుత్తి ఎత్తకండి. చాలా డ్రమ్ములకు మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో సాధారణంగా 8 మి.మీ. బోల్టులు పడతాయి, రెండిటినీ సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము దానంతటదే బయటికొస్తుంది. లోపలి దుమ్మును ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

ఇక కొలతలు. కొత్త లైనర్ మందం 4-5 మి.మీ. ఉంటుంది. 1 మి.మీ.కి వచ్చిందంటే మార్చాల్సిందే. నన్నడిగితే, ఎలాగూ విప్పారు కనుక 2 దగ్గరే మార్చేయడం మేలు. డ్రమ్ము గరిష్ఠ వ్యాసం ఎంతో చాలావాటి మీద పోతలోనే ఉంటుంది, కొత్త కొలత కన్నా 1-2 మి.మీ. ఎక్కువ. అది దాటితే షూలు కొత్తవైనా లాభం లేదు. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు ఎత్తి చూడండి. లోపల బ్రేక్ ఆయిల్ చేరి ఉంటే సిలిండర్ పోయినట్టే. ఆయిల్ తాగిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి వాడేవాళ్లున్నారు, మీరు ఆ పని చేయకండి. మారిస్తే రెండు చక్రాలకూ కలిపి నాలుగు షూలు మార్చాలి. ఒక వైపు పూర్తయ్యాకే రెండోది విప్పండి. ఏ స్ప్రింగు ఎక్కడో మరిచిపోతే రెండో వైపు చూసుకోవచ్చు.

బ్రేక్ ఆయిల్‌కూ గడువుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. సిలిండర్ మార్చడం, గాలి తీయడం ఇంతకుముందు చేయనివారు, ముఖ్యంగా ఏబీఎస్ ఉన్న కారైతే, మెకానిక్‌కే వదిలేయండి.

అంతా బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పితే షూ కాస్త రాసుకుంటున్నట్టు తెలియాలి, పట్టేయకూడదు. వీల్ నట్ల బిగింపు చిన్న కార్లకు దాదాపు 85-110 న్యూటన్ మీటర్లు. కారు కదిలించేముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఖాళీ స్థలంలో 20 కిలోమీటర్ల వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూశాకే రోడ్డెక్కండి. 100 కిలోమీటర్లు తిరిగేలోపు వీల్ నట్లు మరోసారి సరిచూసుకోండి.