నాట్యము నేర్చు బాలికలు – తిండిభయము

సికిందరాబాదులో మారేడుపల్లి, పద్మారావు నగరు, సీతాఫలమండి వంటి పేటలలో సాయంకాలము నడచునపుడు ఏదో యొక మేడమీదినుండి తట్టుకర్ర చప్పుడు, గజ్జెల సవ్వడి వినబడుట కద్దు. బడి విడిచి వచ్చి, పుస్తకముల సంచి ఒక మూల పడవైచి, నడుమునకు కొంగు బిగించు బాలికలు అనేకులు. వారిలో ఒకరిద్దరు మధ్యాహ్నపు అన్నపు డబ్బాను మూత తీయకయే ఇంటికి తెచ్చుచుండవచ్చును. తల్లి అడిగినచో "కడుపు నిండుగా ఉన్నది" అని జవాబు. శనివారములు, కార్తిక సోమవారములు ఉపవసించు మన యిండ్లలో ఒక పిల్ల తినకపోవుట వెంటనే ఎవరి కంటను పడదు. పైపెచ్చు భక్తి గల పిల్ల యని మెచ్చుకొందురు.

వైద్యశాస్త్రము ఈ తిండిభయమును వ్యాధిగా గుర్తించి నూటయేబది సంవత్సరములు దాటినది. 1873లో పారిసులో లాసేగ్, లండనులో విలియం గల్ ఇంచుమించు ఒకే కాలమున, ఆహారము మాని కృశించిపోవు యువతులను వర్ణించిరి. గల్ దానికి 'అనొరెక్సియా నెర్వోసా' అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో మొదటి మాటకు ఆకలి లేకుండుట అని అర్థము. పేరు సరిగా కుదరలేదనియే చెప్పవలెను. రోగికి చాలవరకు ఆకలి ఉండనే ఉండును. దానిని లొంగదీయుటయే ఆమె పట్టుదల. 1979లో జెరాల్డ్ రస్సెల్ మరియొక రూపమును వేరుచేసి 'బులీమియా నెర్వోసా' అనెను. ఇందు రోగి ఒక్క పెట్టున అమితముగా తిని, పిదప భయపడి తిన్నదానిని వదలించుకొన జూచును. బరువు మామూలుగనే ఉండవచ్చును గనుక ఇది మరింత రహస్యముగా సాగును.

1980లో టొరంటో పరిశోధకులు గార్నర్, గార్‌ఫింకెల్ నాట్యవిద్యార్థినులు 183 మందిని పరిశీలింపగా 12 మందిలో అనొరెక్సియా కనబడెను. పోటీ ఎక్కువగా ఉన్న శిక్షణాలయములలో వ్యాధియు ఎక్కువ. పోలికకై తీసికొన్న సంగీత విద్యార్థినులలో ఈ హెచ్చుదల లేదు. అనగా సాధనలోని కష్టము మాత్రమే కారణము కాదు. దేహమును చూపి మెప్పు పొందవలసిన విద్యయు, పోటీయు కలిసినచోట ప్రమాదము పెరుగును. ఇవి పాశ్చాత్య నాట్యమునకు చెందిన అంకెలు. కూచిపూడి, భరతనాట్యములకు వీనిని అట్లే అతికింపరాదు. అయినను నిలువుటద్దము, ప్రక్క పిల్లతో పోలిక, రంగప్రవేశపు ఛాయాచిత్రములు, నేడు చేతిలోని ఫోనులో ఎడతెగక కనబడు బొమ్మలు ఇక్కడను ఉన్నవి.

సన్నదనమును మన శాస్త్రమే విధించినదని కొందరు వాదింతురు. నందికేశ్వరుని అభినయదర్పణము నర్తకికి సన్నని దేహము ఉండవలెనన్న మాట నిజమే. కాని అదే గ్రంథము నాట్యమునకు తగని వారిని పదిమందిని లెక్కించుచు, మిక్కిలి లావైన దానిని, మిక్కిలి బక్కచిక్కిన దానిని ప్రక్కప్రక్కనే చేర్చినది. (ఆ పట్టికలో గూని, మిక్కిలి పొట్టి మొదలైనవియు కలవు; నేడు వానిని పాటింపనక్కరలేదు.) సగము మాట జ్ఞాపకముంచుకొని మిగిలినది మరచుట శాస్త్రము తప్పు కాదు.

ఎంత తినవలెను? సికిందరాబాదునకు ఆనుకొనియున్న తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, తరువాత ఇక్కడకు తరలివచ్చినది. 2020లో వెలువడిన దాని పట్టికల ప్రకారము 16–18 ఏండ్ల బాలికకు రోజునకు సుమారు 2500 కిలోకెలోరీల శక్తి కావలెను. ఒక మోస్తరు శ్రమ చేయు పెద్ద స్త్రీకి 2130 చాలును. కూతురు తల్లికంటె ఎక్కువ తినుట తిండిపోతుతనము కాదు, ఎదుగుదల.

రాబడి తగ్గిన గృహస్థు మొదట పండుగలను, తరువాత ఇంటి మరమ్మతును మానుకొనును. శరీరమును అట్లే చేయును. కొవ్వు కణములనుండి వెలువడు లెప్టిన్ అను హార్మోను తగ్గగానే, మెదడులోని అధశ్చేతకము పీయూష గ్రంథికి పంపు సంకేతములు మందగించును. అండాశయములు ఈస్ట్రోజెనును చాలినంత తయారుచేయవు. ఋతుక్రమము తప్పును. చాలమంది దీనిని సాధన వలన కలిగిన మామూలు సంగతిగా భావించి ఊరకుందురు. ఇది పొరపాటు. ఈస్ట్రోజెను తగ్గినచో ఎముక కరగుట కట్టుబడుటను మించిపోవును. ఎముకల బలములో అధికభాగము యౌవనారంభములోనే సమకూరును. అప్పుడు కూడబెట్టనిది పిమ్మట పూర్తిగా రాబట్టుట కష్టము. వట్టి పాదములతో గచ్చునేలపై వేలకొలది అడుగులు వేయు పిల్లకు కాలియెముకలో వెండ్రుకవాసి పగుళ్లు వచ్చును. నొప్పి తగ్గలేదని తైలములు మర్దించుచుందురుగాని, పళ్లెములోని అన్నమును ఎవరును చూడరు. మగపిల్లలకును ఇట్టి నష్టము కలదని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు నిపుణులు హెచ్చరించిరి. కూచిపూడిలో తరతరములుగా ఆడినవారు మగవారే గదా.

మనస్సు సంగతి ఇంకను విచిత్రము. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, యుద్ధమువలన ఆకలికి గురియైన ప్రజలను ఎట్లు కోలుకొనజేయవలెనో తెలిసికొనుటకు, ఆరోగ్యవంతులైన 36 మంది యువకులను వారి సమ్మతితోనే ఆరునెలలు అరకొర తిండిపై ఉంచెను. వారికి సన్నబడవలెనను కోరిక లేదు. అయినను నెలలు గడచిన కొలది వారు దిగులుపడిరి, చిరాకుపడిరి, స్నేహితులను తప్పించుకొనిరి. రేయింబవళ్లు తిండినిగూర్చియే తలచిరి. వంటల పుస్తకములు చదివిరి. తిండిభయము గల బాలికలో మొండితనమని మనము నిందించు లక్షణములు అనేకము నిజముగా ఆకలి లక్షణములే. ఆకలి ఆలోచనను గట్టిపరచును. ఆలోచన ఆకలిని పెంచును. ఈ చక్రములో చిక్కినదానికి "తినరాదా" అని బోధించుట వలన ప్రయోజనము తక్కువ.

గుండె నెమ్మదించుట, తరచు వాంతుల వలన రక్తములో పొటాషియము తగ్గి గుండె లయ తప్పుట ప్రాణాంతకములు కావచ్చును. మానసిక వ్యాధులలో అత్యధిక మరణములు గల వానిలో అనొరెక్సియా ఒకటి. ఆ మరణములలో ఆత్మహత్యలును కలవు. మిక్కిలి కృశించిన వారికి ఒక్కసారిగా పుష్టిగా పెట్టుటయు ప్రమాదమే. రక్తములోని ఫాస్ఫేటు హఠాత్తుగా పడిపోవును గనుక అది వైద్యుని పర్యవేక్షణలో జరుగవలసిన పని.

గురువులు, ఉపాధ్యాయులు గమనింపదగిన గుర్తులు కొన్ని కలవు: ఎండలోను చేతులు చల్లగా ఉండుట, నలుగురితో కూర్చుండి తినకపోవుట, భోజనమైన వెంటనే మాయమగుట, దెబ్బ తగిలినను సాధన మానకపోవుట. అందరియెదుట తూకము వేయుట, "బొద్దుగా ఉన్నావు" అని వేళాకోళమాడుట మానవలెను. పిల్లను ఒంటరిగా పిలిచి బరువునుగూర్చి కాక, నిద్ర, అలసట, దిగులులనుగూర్చి అడిగినచో నోరు విప్పవచ్చును. తల్లిదండ్రులే భోజనభారము వహించి, కొన్నాళ్లు ప్రతిపూట ప్రక్కన కూర్చుండి తినిపించు పద్ధతి లండనులోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపొందినది. బాలబాలికల విషయమున అది మంచి ఫలితముల నిచ్చినది. మొదట పిల్లల వైద్యునిచే నాడి, రక్తము పరీక్ష చేయించి, పిదప మానసిక వైద్యుని కలిసికొనవలెను. ఎవరిని అడుగవలెనో తెలియనివారు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఫోను చేయవచ్చును. అక్కడ తెలుగులోనే మాటాడుదురు, రుసుము లేదు.