సిస్టరు చెప్పే మొదటి మాట

మాదాపూరులో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అటు తరువాత గచ్చిబౌలి, కొండాపూరు దాకా ఆఫీసులు లేచాయి, వాటి వెనుక వీధుల్లో ఆడపిల్లల హాస్టళ్లూ లేచాయి. అమెరికా వేళలకు పని, పగలు నిద్ర, అర్ధరాత్రి బిర్యానీ. మూడు నెలలుగా బహిష్టు రాకపోయినా ఆ పిల్లల్లో చాలామంది డాక్టరు వద్దకు వెళ్లరు, తల్లికీ చెప్పరు. సంఘంలో తెలిసిన నర్సుకు ఫోను చేసి, "అక్కా, ఏమైనా ప్రమాదమా?" అని అడుగుతారు.

ఆ అక్క ఏమి చెబుతుంది? "పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే" అనే జవాబు మేము చాలాసార్లు విన్నాము. "నీటి బుడగలట, ఇక పిల్లలు పుట్టరట" అన్నది రెండవది. రెండూ తప్పే. మొదటిదానితో ఏళ్లు గడిచిపోతాయి, రెండవదానితో కంటికి నిద్ర పోతుంది.

పి.సి.ఓ.ఎస్. అని పిలిచే ఈ స్థితిని 1935లో చికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ వర్ణించారు. స్కానింగులో కనబడేవి కోసి తీయవలసిన గడ్డలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిన అండపు తిత్తులు. చాలామందిలో శరీరం ఇన్సులినుకు సరిగా లోబడదు. అందుచేత ఇన్సులిను మరింత ఊరుతుంది, అండాశయంలో పురుష హార్మోన్లు పెరుగుతాయి, అండం విడుదల కాదు. గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, మెడ వెనుక నలుపు ఇందువల్లనే. ఆ నలుపును మురికి అనుకొని పీచుతో రుద్దే తల్లులను మేమెరుగుదుము! సన్నని పిల్లలకూ ఇది వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం బిడ్డలను కనే వయసు స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఇది ఉంది. వారిలో 70 శాతం వరకు తమకున్నట్లే ఎరుగరు. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏ.ఐ.జి. ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. అది స్త్రీపురుషులిద్దరిపై జరిగిన వేరే పరిశోధన. కాని అక్కడా ఇన్సులినుదే పెద్ద పాత్ర.

నర్సులను తప్పుపట్టుట మా ఉద్దేశం కాదు. శిక్షణలో వారు ప్రసవాల వార్డులో రాత్రులు గడుపుతారు. ఈ పిల్ల ఏ వార్డులోనూ పడుకోదు. మొటిమలకు చర్మవైద్యుని వద్దకు, నెలసరికి స్త్రీవైద్యురాలి వద్దకు, బరువుకు మరొకరి వద్దకు వెళుతుంది. ముగ్గురి చీటీలను ఒకచోట పెట్టి చూడగలిగేది చాలాసార్లు ఆ నర్సక్కే.

2003లో రాటర్‌డామ్ నగరంలో కుదిరిన పద్ధతి ప్రకారం నెలసరి తప్పుట, పురుష హార్మోను ఎక్కువగుట, స్కానింగులో కనబడుట, ఈ మూడింట రెండుంటే చాలు. థైరాయిడు వంటి ఇతర కారణాలు లేవని ముందు తేల్చుకోవాలి. కాబట్టి స్కానింగు ఒక్కటే తీర్పు కాదు. కౌమార వయసు పిల్లలకైతే దీనికోసం స్కానింగు వద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నెలల తరబడి బహిష్టు లేకపోతే గర్భాశయపు పొర మందమై, ముందుముందు కాన్సరుకూ దారితీయవచ్చు. ఇక సంతానం మాటకొస్తే, అండం విడుదలకు లెట్రజోల్ మాత్రలున్నాయి, చాలామంది తల్లులవుతున్నారు.

ఫోను చేసిన పిల్లతో సిస్టరు ఇలా అనవచ్చు: "ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చిందో తేదీలు రాసుకో. 8 కన్నా తక్కువైనా, 35 రోజులు దాటుతున్నా డాక్టరుకు చూపిద్దాం. నడుం కొలత, బి.పి. నేను చూస్తాను. గ్లూకోజు పరీక్ష ఉంటుంది, పొద్దున్నే ఏమీ తినకుండా రా."