లేసరు దీపము – విద్యుత్తు ఓనమాలు

ఉపన్యాసకులు తెరపై నెఱ్ఱని చుక్కను కదలించుచు పటములను చూపుట మీరు చూచియే యుందురు. వారి చేతిలోని చిన్న పరికరమునందున్నది లేసరు. సాధారణ దీపపు కాంతి నలుదిక్కులకును చెదరిపోవును. లేసరు కాంతి యొకే వన్నె గలిగి సన్నని ధారవలె సాగిపోవును. అమెరికా దేశమున థియొడోర్ మైమన్ అను శాస్త్రజ్ఞుడు 1960వ సంవత్సరము మే నెల 16వ తేదీన కెంపు కడ్డీతో మొదటి లేసరును వెలిగించెను. 1962లో రాబర్ట్ హాల్ అర్ధవాహకము నుండి లేసరు కాంతిని పుట్టించెను. నేటి చిన్న లేసరు డయోడులు ఆ జాతివే.

ఇట్టి పరికరమును స్వయముగా కూర్చవలెనను కుతూహలము మెచ్చదగినదే. కాని ఓనమాలు దిద్దనిదే కావ్యము చదువజాలము గదా! ఈ విద్యకు ఓనమాలు మూడు: వోల్టు, ఆంపియరు, ఓము. కాలువలో నీటిని నడపు వాలు వంటిది వోల్టు. పారు నీటి పరిమాణము వంటిది ఆంపియరు. దారికడ్డమగు ఇసుకమేట వంటిది ఓము. ఈ మూడింటి సంబంధమును 1827లో జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు గేయార్గ్ ఓమ్ వెల్లడించెను.

మొదట ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపముతో అభ్యసింపుడు. 5 వోల్టులలో దీపము 2 వోల్టులను గ్రహించును, మిగిలినవి 3. ప్రవాహము 20 మిల్లీ ఆంపియరులు, అనగా 0.02 ఆంపియరు కావలెను. 3ను 0.02 చేత భాగించిన 150 వచ్చును. కావున 150 ఓముల నిరోధకము నుంచవలెను.

లేసరు డయోడు ఇంతకంటె సుకుమారమైనది. ప్రవాహము ఒక హద్దుకు లోబడియున్నంతవరకు అది మసక దీపమే. హద్దు దాటగానే లేసరగును. మితిమీరినచో క్షణములో మాడిపోవును. వోల్టులు రవంత హెచ్చినను, డయోడు వేడెక్కినను ప్రవాహము పెరిగిపోవును. అందుచేత ప్రవాహమును నిలకడగా నుంచు సాధనము కావలెను. ఎల్.ఎం. 317 అను మూడు కాళ్ళ పరికరము తనకు తగిలించిన నిరోధకముపై 1.25 వోల్టులను నిలుపును. 25 ఓములు తగిలించినచో ప్రవాహము 50 మిల్లీ ఆంపియరులగును. ముందుగా లేసరునకు బదులు సాధారణ డయోడులనుంచి, మల్టీమీటరుతో ప్రవాహమును కొలిచి, అది సరిగానున్నదని తేలిన పిమ్మటనే లేసరును కలుపవలెను.

చెడిన లేసరును బాగుచేయుటకును ఒక క్రమము గలదు. మొదట బ్యాటరీ వోల్టులను కొలువుడు. పిదప స్ప్రింగు త్రుప్పును, మీటను, మాటు వేసిన చోట్లను పరీక్షింపుడు. డయోడును అనుమానించుట చివరి పని.

అన్నిటికంటె ముఖ్యమైనది కంటి రక్షణ. లేసరు కిరణము కంటబడినచో కంటి కటకము దానిని వెనుకనున్న తెరపై సూదిమొనయంత చోట కేంద్రీకరించును. ఆ తెర కాలినచో మరల చిగురింపదు. కావున 1 మిల్లీవాటుకు మించిన లేసరును బాలురు తాకరాదు. కొన్ని పచ్చని లేసరుల నుండి కంటికి కానరాని పరారుణ కాంతియు వెలువడును. వెలుగుచున్నదా యని గొట్టములోనికి తొంగిచూడరాదు. గోడపై పడిన చుక్కను చూడవలెను. మనుష్యులపైకి, వాహనములపైకి, విమానములపైకి, అద్దములపైకి కిరణమును త్రిప్పరాదు. ఉపాధ్యాయుని సమక్షముననే ఈ పనులు చేయవలెను.

మాడిన డయోడునకు బదులు మరియొకటి కొనవచ్చును; కన్నులకు మారుకన్నులు ఏ యంగడిలోను దొరకవు. కొలిచి కలుపువాడే ఈ విద్యలో నేర్పరి యగును.