వైద్యాధ్యాపకుల సహాధ్యయన గోష్ఠులు

శస్త్రచికిత్స నేర్వనివాని చేతికి కత్తినిచ్చు ఆసుపత్రి యుండదు. కాని బోధించుట నేర్వకయే బోధకులైనవారు వైద్యకళాశాలలలో చాలకాలముగ నున్నారు. ఉన్నతపట్టము చేతికి వచ్చినంతనే నిన్నటి విద్యార్థి నేటి ఉపాధ్యాయుడగును. తనకు చెప్పినవారివలెనే తానును చెప్పును. గురువుల గుణములతోపాటు లోపములును సంక్రమించును.

దీనిని సవరించుటకు మన దేశమున ప్రయత్నములు జరుగకపోలేదు. 1970 దశకములో పాండిచ్చేరి జిప్మరునందు ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో జాతీయ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసినది. నేడు అధ్యాపకులకు మూడు దినముల శిక్షణ కలదు. మంచిదే. కాని నాలుగవనాడు తన విభాగమునకు మరలిన అధ్యాపకునకు నూరుమందికి పైబడిన తరగతి యెప్పటివలెనే ఎదురగును. అచ్చట సందేహము కలిగినచో అడుగుటకు తోడెవరు?

చిత్రమేమనగా, రోగి విషయమున తోటి వైద్యుని అభిప్రాయ మడుగుటకు ఏ వైద్యుడును సిగ్గుపడడు. రోగి మరణించినచో సభ జరిపి కారణములు విచారించుకొనుట పెద్ద ఆసుపత్రులలో పరిపాటి. పాఠము విఫలమైనచో మాత్రము ఏ సభయు లేదు.

సహాధ్యయన గోష్ఠి ఈ కొరతను తీర్చును. వేర్వేరు విభాగములకు చెందిన ఆరేడుగురు నెలకొకమారు కలసిన చాలును. ఒకరి తరగతిలో మరొకరు వెనుకవరుసను కూర్చుందురు. ఏమి గమనింపవలెనో పాఠము చెప్పువారే ముందుగ తెలుపవలెను: ప్రశ్న వేసిన పిదప విద్యార్థికి ఆలోచించు వ్యవధి నిచ్చుచున్నానా, లేక నేనే జవాబు చెప్పివేయుచున్నానా? చూచినవారు దానిని గూర్చియే మాటలాడుదురు. ఆ మాటలు పదోన్నతి కాగితములలోనికి ఎక్కినచో మరునాటినుండి ఎవరును తలుపు తీయరు.

పరీక్షలును ఇందుకు చక్కని సాధనములే. స్కాట్లండులోని డండీనుండి రోనాల్డు హార్డెను, ఆయన సహచరులు 1975లో ప్రకటించిన పద్ధతిలో విద్యార్థి ఒక్కొక్క బల్లవద్దకు పోయి ఒక్కొక్క పని చేసి చూపును. ఒకే విద్యార్థికి ఇరువురు పరీక్షకులు విడివిడిగ మార్కులు వేసి పోల్చుకొనవలెను. ఒకరు ఏడు, ఒకరు నాలుగు వేసిరనుకొందము. అసలు చర్చ అచ్చట మొదలగును.

ఆచార్యుని యెదుట సహాయాచార్యుడు నోరు మెదపడన్నది నిజమే. ఆచార్యుడే ముందుగ తన తరగతిని చూడరమ్మని పిలిచినచో సగము భయము తీరును.

దూరమొక అడ్డంకి కాదు. 2005లో ముంబైలోను, తరువాత లూధియానా, కోయంబత్తూరులలోను ఫిలడెల్ఫియాలోని ఫైమరు సంస్థ సహకారముతో ఏర్పడిన కేంద్రములలో అధ్యాపకులు కొలదిదినములు కలసియుండి, పిదప తమ తమ ఊళ్లనుండియే నెలనెలా చర్చలు సాగించిరి. తెలంగాణమున 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. ఆంధ్రప్రదేశమున 2023లో అయిదు. క్రొత్త కళాశాలలో అనుభవజ్ఞులు కొలదిమందియే యుందురు. విజయనగరమున నొకరు, నంద్యాలలో నొకరు ఒకే ప్రశ్నపత్రమును ముందిడుకొని నెలకొక సాయంకాలము టెలిఫోనులో మాటలాడుకొనుటకు ఎవరి ఉత్తరువులును అక్కరలేదు.