వాన పడ్డంక గాదు, పడకముందే టైరు సూడుర్రి

వానకాలమొస్తే రెయిన్‌కోటు కొంటం, సీటుకు కవరేస్తం. టైరు దిక్కు మాత్రం సూడం. తడి రోడ్డు మీద బండిని పట్టుకునేది గా రబ్బరే.

టైరు మీద గాడులు సోకుకు పెట్టలే. చక్రం కిందికొచ్చిన నీళ్లను అవే పక్కకు నూకుతయి. టైరు గుండయితే నీళ్లు పోయే తొవ్వ ఉండదు, బ్రేకేసినా బండి జారుతది. బైకు టైరుకు కనీసం 0.8 మిల్లీమీటర్ల గాడి ఉండాల్నని మోటారు వాహనాల రూల్సే చెప్తున్నయి. కానీ గందాక ఆగొద్దు, గాడి తగ్గినకొద్దీ తడిల పట్టు తగ్గుతనే ఉంటది.

కొనేటప్పుడు 'ఎన్ని వేల కిలోమీటర్లు వస్తది' అనే అడుగుతం. గట్టి రబ్బరు శాన రోజులొస్తది గని, తడిల జారుతది. సిలికా కలిపిన రబ్బరు తడిల మంచిగ పట్టుకుంటది. వెడల్పు టైరేస్తే పట్టు పెరుగుతదనుకునుడు తప్పు; కంపెనీ చెప్పిన సైజే వెయ్యాలె. టైరు పక్కన నాలుగంకెలు సూడుర్రి. 2324 అనుంటే 2024ల 23వ వారం తయారైందన్నట్టు. పాతదైతే రబ్బరు గట్టిపడ్తది.

ఎనక టైరు జల్ది అరుగుతదని అదొక్కటే మారుస్తం. బ్రేకేస్తే బరువంతా ముందటి చక్రం మీదనే పడ్తది. అది జారితే ఆపుకునుడు కష్టం.

డెలివరీ పిలగాండ్లలో శానమందికి టైరు ఖర్చు సొంతమే. వానల జల్ది తెమ్మనే కంపెనీలు గా ఖర్చు గూడ పంచుకోవాలె.