ఏడాదికి పదకొండు నవలలు: ఇంట్లో ఆడపిల్ల చదువుతున్న ‘పరీల కథలు’ ఏంటి?

రాత్రి ఇషా నమాజ్ అయిపోయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. డిగ్రీ చదివే అమ్మాయి మాత్రం దుప్పటి కింద ఫోన్ వెలుగులో ఏదో చదువుతోంది. అమ్మకి అనుమానం. ఎవరితో చాటింగ్? తీరా ఫోన్ లాక్కుని చూస్తే అది ఒక నవల. అందులో హీరో మనిషి కాదు, జిన్ను. లేదంటే హీరోయిన్ ఈ కాలం పిల్ల కాదు, మూడొందల ఏళ్ల వెనక్కి వెళ్లిపోయిన పిల్ల. ‘ఇదేం చదువే?’ అంటే, ‘రీడింగ్ ఛాలెంజ్ అమ్మీ, ఈ ఏడాది పన్నెండు పూర్తి చెయ్యాలి’ అంటుంది.

రాజుపాలెం, పిడుగురాళ్ల, సత్తెనపల్లి... పల్నాడులో ఏ ఊరైనా సరే, స్మార్ట్‌ఫోన్, నెట్ ప్యాక్ ఉన్న ఇంట్లో ఈ మాట వినపడే రోజులివి. తిట్టాలా, వదిలెయ్యాలా, భయపడాలా అని తల్లిదండ్రులకి తెలియట్లేదు. అసలు ఈ ఛాలెంజ్ ఏంటి, ఈ నవలలు ఎక్కడివి, మన ఇళ్లకి ఇవి నిజంగా కొత్తవేనా, జాగ్రత్త పడాల్సింది ఎక్కడ అనేది చూద్దాం.

ఛాలెంజ్ అంటే పందెం కాదు

ఛాలెంజ్ అనగానే డబ్బు కట్టే పందెం అనుకోవద్దు. ఇందులో ఎదుటి ఆటగాడే ఉండడు. ‘ఈ ఏడాదిలో ఇన్ని పుస్తకాలు చదువుతాను’ అని ఎవరికి వాళ్లు పెట్టుకునే లెక్క ఇది. కొందరు సంఖ్య మాత్రమే పెట్టుకుంటారు. కొందరు ఒక రకం పుస్తకాలే ఎంచుకుని గళ్లు గీసుకుంటారు. ఒక గడిలో దెయ్యం ఉన్న ప్రేమకథ, ఒక గడిలో గతంలోకి వెళ్లే కథ, ఒక గడిలో భవిష్యత్తులోకి వెళ్లే కథ. చదివిన కొద్దీ గడి నింపుకుంటూ పోతారు.

లెక్క చూస్తే పెద్ద కష్టం కూడా కాదు. 300 పేజీల నవలని రోజుకి పది పేజీల చొప్పున చదివితే నెలకి ఒకటి అయిపోతుంది. పది పేజీలకి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. రీల్స్ చూస్తే అంతకంటే ఎక్కువ సమయమే పోతుంది. పన్నెండు నెలల్లో రంజాన్ నెల ఖురాన్‌కి వదిలేస్తే మిగిలేది పదకొండు. మన ఇళ్లకి పన్నెండు కంటే పదకొండే సరైన లెక్క.

ఈ నవలలు ఎక్కడివి?

పారానార్మల్ రొమాన్స్ అంటే అతీతశక్తులు ఉన్న ప్రేమకథ. దెయ్యం, రక్త పిశాచి, జిన్ను, పరీ... వీటిలో ఒకరికీ మనిషికీ మధ్య ప్రేమ నడుస్తుంది. టైమ్ ట్రావెల్ రొమాన్స్‌లో అడ్డుగోడ కాలం. ఇద్దరు ప్రేమించుకుంటారు గానీ ఇద్దరిదీ ఒక కాలం కాదు.

కాలంలో ప్రయాణించే యంత్రాన్ని జనంలోకి తెచ్చింది ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్. ఆయన ‘ది టైమ్ మెషీన్’ 1895లో వచ్చింది. దానికి ప్రేమకథ జోడించి పెద్ద పేరు తెచ్చుకున్న నవలల్లో ఒకటి డయానా గబాల్డన్ రాసిన ‘అవుట్‌లాండర్’, 1991. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సుగా పనిచేసిన ఒకామె స్కాట్లాండ్‌లో నిలువు రాళ్ల మధ్య నుంచి 1743లోకి వెళ్లిపోతుంది. 2003లో ఆడ్రీ నిఫెనెగర్ ‘ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్’ వచ్చింది. అందులో భర్త తన చేతిలో లేకుండానే కాలంలో అటూ ఇటూ జారిపోతుంటాడు, భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. 2005లో స్టెఫెనీ మేయర్ ‘ట్వైలైట్’ వచ్చాక కాలేజీ పిల్లల్లో ఈ రకం నవలలకి గిరాకీ బాగా పెరిగింది.

ఇప్పుడు అదే రకం కథలు తెలుగులో సీరియల్‌గా ఫోన్లోకే వస్తున్నాయి. ప్రతిలిపి లాంటి యాప్‌లలో మామూలు గృహిణులు, ఉద్యోగులు, విద్యార్థులు కూడా రాస్తున్నారు. చదివేవాళ్లే రేపు రాసేవాళ్లు అవుతున్నారు.

తెలుగులో ఇది పాత ముచ్చటే

నలభై, యాభై ఏళ్లు దాటినవాళ్లకి అద్దె పుస్తకాల షాపులు గుర్తుండే ఉంటాయి. రోజుకింత అని కట్టి నవల తెచ్చుకుని, ఇంట్లో నలుగురూ చదివాక తిరిగిచ్చేవాళ్లు. ఆ రోజుల్లో ఊపేసిన పుస్తకం యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఒక చిన్నపిల్ల మీద చేతబడి జరగడం దాని కథ. రాత్రి ఒంటరిగా చదవలేక పగలు చదివినవాళ్లు ఎందరో. అదే నవల మీద రచయిత్రి రంగనాయకమ్మ గట్టి విమర్శ రాశారు. మూఢనమ్మకాన్ని పెంచుతోందనేది ఆమె అభ్యంతరం. ‘ఇలాంటివి చదవొచ్చా?’ అని ఇవాళ ఇంట్లో జరిగే వాదన తెలుగు సాహిత్యంలో అప్పుడే జరిగిపోయింది.

కాలాలు కలిపిన కథ కూడా కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణ ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ నవలలో పంచతంత్రం రాసిన విష్ణుశర్మ, మహాకవి తిక్కన ఈ కాలపు రచయిత దగ్గరికి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. చదువుతుంటే నవ్వు ఆగదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ని చూడని తెలుగు ఇల్లు అరుదు. హీరో హీరోయిన్లు కృష్ణదేవరాయల కాలానికి వెళ్లి, అక్కడినుంచి 2504కి వెళ్తారు.

గోల్కొండలో పుట్టిన పరీ ప్రేమ

మన పిల్లలకి చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. ఇలాంటి ప్రేమకథలు నాలుగొందల ఏళ్ల కిందటే మన దక్కనీ ఉర్దూలో ఉన్నాయి.

గోల్కొండ ఆస్థాన కవి ముల్లా వజ్హీ 1609లో ‘కుతుబ్ ముష్తరీ’ రాశాడు. రాకుమారుడు కలలో ఒక అమ్మాయిని చూస్తాడు. ఆమె కోసం బెంగాల్‌కి బయల్దేరతాడు. దారిలో భూతాలు, పెద్ద పెద్ద సర్పాలు అడ్డొస్తాయి. ఆ తర్వాత అదే గోల్కొండలో ఘవ్వాసీ అనే కవి ‘సైఫుల్ ములూక్ వ బదీఉల్ జమాల్’ కథని దక్కనీలో మస్నవీగా చెప్పాడు. ఈజిప్టు రాకుమారుడు ఒక పరీని ప్రేమించి ఆమెని వెతుక్కుంటూ వెళ్లే కథ అది. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తరాదిన మీర్ హసన్ రాసిన ‘సెహ్రుల్ బయాన్’లో పరీయే మనిషి మీద మనసు పడి రాకుమారుణ్ణి ఎత్తుకుపోతుంది. అందులో ఎగిరే మరగుర్రం కూడా ఉంది.

వజ్హీ, ఘవ్వాసీ రాస్తున్న రోజుల్లో కొండవీడు సీమ గోల్కొండ ఏలుబడిలో ఉండేది. గుంటూరు ప్రాంతం 1788లో బ్రిటిష్‌వాళ్ల చేతికి వెళ్లేదాకా నిజాం కిందే ఉంది. అంటే ఈ కథలు ఎక్కడో పరాయి దేశానివి కావు, మన ముత్తాతల కాలం నాటి ఉర్దూలోనివి. ఇప్పుడు ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం గానీ చదవలేం అనే కుటుంబాలు పల్నాడులో చాలా ఉన్నాయి. నూర్‌బాషా కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాషే తెలుగు. అలాంటి పిల్లలు కూడా ఈ కథల పేర్లు వింటే తప్పకుండా ఆశ్చర్యపోతారు. రేఖ్తా వెబ్‌సైట్‌లో పాత ఉర్దూ పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు. పిల్ల తెలుగులో నవల చదివితే, నానీ ఉర్దూలో పరీ కథ చెప్తే, ఆ ఛాలెంజ్ ఇద్దరిదీ అవుతుంది.

దీన్ విషయంలో గీత ఎక్కడ?

తల్లిదండ్రుల అసలు భయం ఇదే. జిన్నులు, జాదూ అని చదివితే ఈమాన్ ఏమవుతుంది?

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. జిన్నులు ఉన్నాయన్నది మన విశ్వాసం. ఖురాన్‌లో 72వ సూరా పేరే అల్ జిన్న్. సూరా కహ్ఫ్‌లో గుహలో పడుకున్న యువకుల సంగతి జుమా రోజు చదువుకునే ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. మూడొందల తొమ్మిదేళ్ల తర్వాత వాళ్లు లేచి, ఒక రోజో అందులో కొంతసేపో పడుకున్నామనుకుని, తిండి తెమ్మని ఒకరిని వెండి నాణెంతో ఊళ్లోకి పంపుతారు. ఇవి అల్లాహ్ నిదర్శనాలు, ఎవరో రాసిన నవలలు కావు. నవలలో జిన్ను హీరో రచయిత ఊహలోంచి వచ్చినవాడు. ఒకటి నమ్మేది, ఇంకొకటి కాలక్షేపానికి చదివేది. ఈ తేడా పిల్లకి తెలిస్తే సగం భయం పోయినట్టే.

రెండోది, గైబ్ తెలిసింది అల్లాహ్‌కి మాత్రమే. నవలలో ఎవరో జాతకం చెప్పారని, మళ్లీ జన్మ ఎత్తారని ఉంటే అది కథ వరకే. పునర్జన్మ మన అఖీదా కాదు. జాదూని ప్రవక్త ముహమ్మద్ (స) నాశనం చేసే ఏడు పాపాల్లో ఒకటిగా చెప్పారు. అందుకని ‘ఈ మంత్రం రాసి దిండు కింద పెట్టు’ లాంటివి ఏ పుస్తకంలో కనపడినా ఆటకి కూడా చెయ్యకూడదని స్పష్టంగా చెప్పాలి. ఫలానా పుస్తకం చదవొచ్చా అని అనుమానం వస్తే తెలిసిన ఆలిమ్‌ని అడగడంలో తప్పు లేదు.

మూడోది సిగ్గు, హయా సంగతి. ఈ రకం ఇంగ్లీషు నవలల్లో చాలావాటిలో పడకగది వర్ణనలు ఉంటాయి. ‘అవుట్‌లాండర్’ పెద్దవాళ్ల నవలే, పదో తరగతి పిల్లలకి కాదు. అట్ట మీద బొమ్మ చూసి కొనకుండా, ఎవరి కోసం రాసిందో చూసి తీసుకోవాలి.

కథలో జిన్ను వేరు, ఇంట్లో జబ్బు వేరు

నిజమైన ప్రమాదం పుస్తకంలో లేదు. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చినా, నిద్ర పట్టక ఒంటరిగా మాట్లాడుతున్నా, పిల్ల ఉన్నట్టుండి ముభావంగా అయిపోయినా ‘ఏదో పట్టింది’ అని బాబాల చుట్టూ తిరగడంలో ఉంది. మిరప అమ్మిన డబ్బు, పెళ్లి కోసం దాచిన డబ్బు తాయెత్తులకి పోతుంది. ఈలోగా జబ్బు ముదురుతుంది. మహిమగల తాయెత్తులు, మంత్రాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది.

దుఆ చెయ్యడం, ఖురాన్ చదవడం మన హక్కు. దానికి ఎవరికీ వేలకి వేలు కట్టక్కర్లేదు. దాంతోపాటే డాక్టర్‌కి చూపించాలి. మనసుకి సంబంధించిన ఇబ్బందులకి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది. దెయ్యం నవల చదివే పిల్లకి ఈ నంబర్ కూడా తెలిసి ఉంటే, కథకీ జీవితానికీ తేడా ఆమే ఇంట్లో పెద్దలకి చెప్పగలుగుతుంది.

జేబుకి చిల్లు పడకుండా

ఖర్చు కూడా చూసుకోవాలి. కొన్ని యాప్‌లలో మొదటి భాగాలు ఉచితం. కథ మంచి పట్టులో ఉండగా తర్వాతి భాగానికి కాయిన్లు కొనమంటారు. ఉదాహరణకి భాగానికి ఐదు రూపాయలు అనుకుంటే, 80 భాగాల నవలకి 400 రూపాయలు. అచ్చు పుస్తకం అంతకంటే చౌకగా దొరకొచ్చు, పైగా ఇంట్లో అందరూ చదవొచ్చు. అందుకని ఫోన్లో యూపీఐ ఆటోపే ఆపి ఉంచాలి. నెలకి ఇంత అని ముందే అనుకోవాలి.

అన్నిటికంటే చౌక గ్రంథాలయం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటి పన్నులోనే గ్రంథాలయ సెస్సు కలిపి వసూలు చేస్తారు. రూపాయికి ఎనిమిది పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఏటా 80 రూపాయలు లైబ్రరీకి కడుతున్నట్టే. కట్టిన డబ్బుకి పుస్తకం తెచ్చుకోకపోవడం మన నష్టమే. దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కుని పిల్లల పేరున సభ్యత్వం తీసుకోవాలి. యండమూరి, మల్లాది నవలలు చాలా లైబ్రరీల్లో అట్టలు నలిగిపోయి మరీ కనపడతాయి.

ఇంట్లో మొదలుపెట్టాలంటే

పదకొండు గళ్లు గీయండి. అన్నీ జిన్నుల కథలే వద్దు. నాలుగు పిల్లకి నచ్చిన అతీతశక్తుల నవలలు. మూడు కాలప్రయాణం కథలు. రెండు మన మనుషుల జీవితం చెప్పే పుస్తకాలు: సాహిత్య అకాడమీ అవార్డు పొందిన సలీం ‘కాలుతున్న పూలతోట’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ లాంటివి. ఒకటి సీరతున్నబీ. ఒకటి అమ్మో నాన్నో ఎంచినది.

నియమాలు మూడు చాలు. ఫజర్ తప్పేలా రాత్రి చదవకూడదు. పరీక్షల నెలలో గడి ఖాళీగా ఉన్నా పర్వాలేదు. పుస్తకం అయ్యాక కథని అన్నం దగ్గర ఐదు నిమిషాలు చెప్పాలి.

ఈ మూడో నియమమే అన్నిటికంటే ముఖ్యం. కథ అందరి ముందూ చెప్పాల్సిన పిల్ల దుప్పటి కింద దాక్కుని చదవదు. ఇంటర్‌తోనో పదితోనో చదువు ఆగిపోయి ఇంట్లో ఉన్న అమ్మాయిలు మన వాడల్లో ఉన్నారు. వాళ్లకి రోజుకి పది పేజీలు అంటే చదువుతో తెగిపోని ఒక దారం. రేపు ఓపెన్ స్కూల్‌కో దూరవిద్య డిగ్రీకో అప్లికేషన్ పెట్టాలంటే ముందు చదివే అలవాటు మిగిలి ఉండాలి. ఆ అలవాటుని ఒక పరీ కథ కాపాడుతుంటే, ఫోన్ లాక్కునే ముందు ‘తర్వాత ఏమైందే?’ అని ఒకసారి అడిగి చూడండి.