ఒకే తెర, రెండు దారులు

క్రొత్తగ స్మార్ట్ టెలివిజను కొనిన యింటిలో రెండుమూడు దినములు గడచుసరికి ఒక ప్రశ్న పుట్టును. ‘ఇది ఇంటర్నెట్టునుండి సినిమాలను తానే తెచ్చుకొనుచున్నది కదా, ఇంక ఈ కేబులు పెట్టెతో పనియేమి?’ అని. కొందరు పెట్టెను అటక యెక్కించి, గోడనుండి వచ్చు కేబులు తీగను నేరుగ టెలివిజను వెనుక తగిలింతురు. చానళ్లు రావు. అంతట టెలివిజను మంచిది కాదని దుకాణదారునో, ప్రసారము సరిగ లేదని కేబులు ఆపరేటరునో తప్పుపట్టుదురు. తప్పు ఇరువురిదియు కాదు. తెర యొక్కటియే యైనను దానికి బొమ్మ చేరు దారులు రెండు. ఈ రెంటిని వేరువేరుగ గ్రహించినచో, పెట్టెను టెలివిజనుకు కలుపుట ఎవరికైనను పది నిమిషముల పని.

మొదటి దారి కేబులు తీగ. ఒకప్పుడు ఈ తీగను నేరుగ తగిలించినను చానళ్లు కనబడెడివి. 2011లో కేబులు టెలివిజను చట్టమునకు జరిగిన సవరణతో ఆ పద్ధతి మారినది. 2012లో ఢిల్లీ, ముంబయి వంటి మహానగరములలో డిజిటల్ ప్రసారము మొదలిడి, 2013లో హైదరాబాదు, విశాఖపట్నములతో సహా మరికొన్ని నగరములకు, అటుపిమ్మట తక్కిన పట్టణములకు, పల్లెలకు వ్యాపించినది. నాటినుండి తీగలో వచ్చు ప్రసారము తాళము వేసిన భోషాణము వంటిది. చందా చెల్లించిన చానళ్లకు మాత్రమే ఆ తాళము తీయు సాధనము సెట్ టాప్ బాక్సు. టెలివిజను ఎంత తెలివిగలదైనను ఆ తాళపుచెవి దానియొద్ద లేదు. కావున పెట్టె వలయును.

రెండవ దారి ఇంటర్నెట్టు. ఇది వై-ఫై ద్వారమున గాని, వేరొక తీగ ద్వారమున గాని టెలివిజనులోనికే వచ్చును. సామాన్యమైన కేబులు పెట్టెకు దీనితో సంబంధము లేదు. ఇంటర్నెట్టు నిలిచిపోయిననాడు సినిమాలు ఆగును గాని కేబులు వార్తలు ఆగవు. కేబులు చందా ముగిసిననాడు చానళ్లు ఆగును గాని ఇంటర్నెట్టు సినిమాలు ఆగవు. ఏది ఆగినదో చూచినచో, ఎవరిని పిలువవలెనో తెలియును.

ఇక కలుపు విధానము. ముందుగ పెట్టెకును, టెలివిజనుకును కరెంటు స్విచ్చి ఆర్పవలెను. గోడనుండి వచ్చు గుండ్రని కేబులు తీగను పెట్టెకు బిగింపవలెను. పిదప పెట్టెనుండి టెలివిజనుకు హెచ్.డి.ఎం.ఐ. తీగ తగిలింపవలెను. 2002లో వెలువడిన ఈ పద్ధతిలో బొమ్మయు, ధ్వనియు ఒకే తీగలో ప్రయాణము చేయును. దీని కొన చదునుగ నుండి, ఒక వైపు వెడల్పుగ, రెండవ వైపు కొంచెము ఇరుకుగ నుండును. సరియైన వైపు పెట్టినచో సులువుగ దిగును. దిగనిచో త్రిప్పి చూడవలెనే గాని బలవంతము చేయరాదు. టెలివిజను వెనుక ఇట్టి సాకెట్లు రెండుమూడు ఉండును. వానిలో ఎ.ఆర్.సి. అని వ్రాసియున్నదానిని, వేరుగ సౌండ్‌బారు తగిలించువారు దానికై విడిచిపెట్టుట మేలు. తీగను గ్రుచ్చిన సాకెట్టు సంఖ్యను గుర్తుంచుకొనవలెను.

పాత పెట్టెలకు హెచ్.డి.ఎం.ఐ. లేకపోవచ్చును. వానికి మూడు రంగుల తీగలు ఉండును. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ ధ్వనికి, ఎరుపు కుడి ధ్వనికి. కొన్ని క్రొత్త టెలివిజనులలో ఈ మూడింటికి బదులు ఒకే చిన్న గుండ్రని రంధ్రము ఉండును. దానికి తగిన జోడింపు తీగ వేరుగ తీసికొనవలెను.

ఇప్పుడు రెంటికిని కరెంటు ఇచ్చి, టెలివిజను రిమోటుపై సోర్సు లేక ఇన్‌పుట్ అను మీట నొక్కి, గుర్తుంచుకొన్న సంఖ్యను ఎన్నుకొనవలెను. తెరపై ‘నో సిగ్నల్’ అని కనబడినచో ముందుగ మూడు సంగతులు చూడవలెను: పెట్టె వెలిగియున్నదా, తీగ రెండు కొసలును గట్టిగ దిగినవా, ఎన్నుకొన్న సంఖ్య సరియైనదా. ఈ మూడును చూచిన పిదపనే మనిషిని పిలువవలెను.

బొమ్మ మసకగనున్నదని ఖరీదైన తీగ కొనువారు కలరు. డిజిటల్ తీగ చిన్నదై, చక్కగ పనిచేయుచున్నంతవరకు, వెల హెచ్చినంతమాత్రమున బొమ్మ మెరుగుపడదు. సాధారణ చానలులో నిలువున ఉండునవి 576 గీతలు. పెద్ద తెరపై 1080 గీతలు గాని, 2160 గీతలు గాని ఉండును. చిన్న బొమ్మను పెద్ద తెరకు సాగదీసినప్పుడు మసక తప్పదు. హెచ్.డి. పెట్టె, హెచ్.డి. చానలు ఉన్నచోటనే ఆ స్పష్టత లభించును.

ఇంటిలోని పెద్దల సంగతి మరువరాదు. పాత టెలివిజనులో మీట నొక్కగనే వార్తలు వచ్చెడివి. క్రొత్తదానిలో ఇంటర్నెట్టు సంస్థల గుర్తులు బారులుతీరి కనబడును. కేబులు వానిలో ఏ మూలనో యుండును. ఇంగ్లీషు చదువనేరని అవ్వ మధ్యాహ్నమంతయు ఆ గుర్తులను చూచుచు, మనుమడు బడినుండి వచ్చువరకు కూర్చుండవలసి వచ్చినచో, ఆ తెలివిగల టెలివిజను వలన ఆమెకు ఒరిగినదేమి? దీనికి ఉపాయములు కలవు. అనేక టెలివిజనులలో, వెలిగించగనే చివర చూచిన సోర్సు వచ్చునట్లు సెట్టింగులలో ఏర్పాటు చేయవచ్చును. పెట్టె ధ్వనిని హెచ్చుగనుంచి, టెలివిజను రిమోటుతోనే తగ్గించుట, హెచ్చించుట అలవాటు చేయవచ్చును. సోర్సు మీట ప్రక్కను ‘కేబులు’ అని తెలుగులో వ్రాసిన చిన్న కాగితము అంటింపవచ్చును.

ఇంకొక జాగ్రత్త. ఉరుములు, మెరుపులు గల వేళ కరెంటు ప్లగ్గుతోపాటు కేబులు తీగను గూడ ముందుగనే ఊడదీయుట మంచిది. ఆ తీగ వెంట వచ్చు విద్యుద్ఘాతము పెట్టెను, టెలివిజనును గూడ పాడుచేయగలదు.

అంతయు ముగిసినపుడు ఒక పరీక్ష చేయుడు. టెలివిజను ఆర్పి, రిమోటులు అవ్వ చేతికిచ్చి, మీరు ప్రక్కగదిలోనికి వెళ్లుడు. ఎవరిని పిలువక ఆమె తన వార్తలు పెట్టుకొనగలిగినచో, మీరు పెట్టెను సరిగ కలిపినట్లే.